పక్క కొట్టుతో సహా

ఇంగ్లండ్ అనగానే ఫోటోల్లో మనకు కనిపించేవి కొన్నే. బిగ్ బెన్ గడియారం, టవర్ బ్రిడ్జి, ఎర్రటి డబుల్ డెక్కర్ బస్సు. ఈ వేళ నేను మాట్లాడబోయేది అక్కడి మామూలు వీధి గురించి. రొట్టెలమ్మే కొట్టు, చెప్పులు బాగుచేసే షాపు, పేపర్ల దుకాణం, బస్టాపు, వాటి ముందు నడిచిపోయే జనం. వీటిని ఫోటో ఎలా తీయాలి? నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. దుకాణాన్ని ఫోటో తీసేటప్పుడు నాలుగడుగులు వెనక్కి వేయండి. పక్క కొట్టు కూడా ఫోటోలో పడనివ్వండి. ఇంటికొచ్చాక చోటు పేరు, తేదీ రాసిపెట్టండి. చిన్న సలహాయే. దీని వెనక కారణం మాత్రం చిన్నది కాదు. మన ఇళ్లలో ఉండే పాత ఫోటో ఒకటి గుర్తు తెచ్చుకోండి. తాతయ్య, నాయనమ్మ కుర్చీల్లో కూచుని ఉంటారు. వాళ్ల ముఖాలు మనకు తెలిసినవే. కాసేపటికి మన కళ్లు వెనక గోడ మీదికి పోతాయి. అక్కడ క్యాలెండరు వేలాడుతుంటుంది. అది ఏ సంవత్సరానిదో చదవాలని చూస్తాం. మూలనున్న రేడియో ఏ కంపెనీదో పోల్చుకుంటాం. ఫోటో తీసినాయన ఆ క్యాలెండరు కోసం తీయలేదు. అయినా ఆ ఫోటో ఎప్పటిదో ఇవాళ మనకు చెప్పేది ఆ క్యాలెండరే. వీధి ఫోటో కూడా ఇలాగే పనిచేస్తుంది. తీసినవాళ్లు పట్టించుకోనిదే తరవాత చూసేవాళ్లకు ముఖ్యమవుతుంది.

దీనికి రుజువు ఫోటోగ్రఫీ పుట్టిన రోజుల్లోనే దొరుకుతుంది. విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్‌ది విల్ట్‌షైర్ కౌంటీలోని లేకాక్. కాగితం మీద నెగెటివ్ తీసే పద్ధతి కనిపెట్టింది ఆయనే. 1844లో ఆయన లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒక ఫోటో తీశాడు. అప్పటికి నెల్సన్ స్తంభం పని ఇంకా పూర్తికాలేదు. ఫోటోలో స్తంభం అడుగు భాగం కనిపిస్తుంది. చుట్టూ పరంజా, దాని ముందు చెక్కల కంచె ఉంటాయి. ఆ కంచె మీద ప్రకటనలు అంటించారు. నాటకాల పోస్టర్లు, ఇంకా ఏవేవో కాగితాలు. ఆ నాటకాల పోస్టర్లను బట్టే చరిత్రకారులు ఆ ఫోటో 1844 ఏప్రిల్ మొదటి వారంలో తీసిందని తేల్చారు. ఒక్కసారి ఆలోచించండి. నెల్సన్ స్తంభం ఇప్పటికీ అక్కడే ఉంది. ఎవరైనా వెళ్లి చూడొచ్చు. ఆ పోస్టర్లు మాత్రం నాలుగు వానలకే చిరిగిపోయి ఉంటాయి. లండన్ జనం ఆ వారం ఏం చూడడానికి పోతున్నారో, గోడల మీద ఏం చదువుతున్నారో ఆ ఫోటో మనకు అందించింది. టాల్బట్ కెమెరాను ఇంకాస్త పైకి ఎత్తి, కంచెను వదిలేసి ఉంటే? స్తంభం దక్కేది. ఆ వారం పోయేది.

మరి మనుషులు మామూలు వీధిని ఎప్పుడు ఫోటో తీస్తారు? చాలా మటుకు, అది పోబోతోందని తెలిశాక. 1875లో లండన్‌లో ఒక సంఘం పుట్టింది. పాత లండన్ అవశేషాలను ఫోటో తీయించే సంఘం అది. ఓల్డ్ బెయిలీ కోర్టుకు దగ్గర్లో, వార్విక్ లేన్ పక్కన, ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్ అని ఒక సత్రం ఉండేది. గుర్రపు బళ్లు ఆగే సత్రం. లోపల వాకిలి, చుట్టూ అంతస్తుల వారీగా చెక్క వసారాలు. రైళ్లు వచ్చాక ఇలాంటి సత్రాలకు పని లేకుండా పోయింది. దాన్ని పడగొడతారని తెలిసి ఆల్ఫ్రెడ్ మార్క్స్ అనే ఆయన పూనుకుని ఫోటోలు తీయించాడు. ఆ తరవాత మరికొన్ని పాత కట్టడాలు, మరికొన్ని వీధులు. 1886 దాకా ఆ పని సాగింది. మొత్తం 120 ఫోటోలు. చెరిగిపోకుండా ఉండాలని వాటిని కార్బన్ పద్ధతిలో అచ్చు వేయించారు. వాళ్లు తీయించిన వాటిలో విచ్ స్ట్రీట్ ఒకటి. ముందుకు వంగిన ఇళ్లు, కింద దుకాణాలు ఉండే ఇరుకు వీధి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆల్డ్‌విచ్, కింగ్స్‌వే రోడ్లు వేసినప్పుడు ఆ వీధి పూర్తిగా మాయమైంది. ఆ సంఘం చేసిన పనికి నేను మనసారా దణ్ణం పెడతాను. ఒక లోటు కూడా కనిపిస్తుంది. వాళ్ల చూపంతా ప్రాచీనత మీద. వంద, రెండు వందల ఏళ్లనాటి కట్టడమైతే వాళ్లకు విలువైనది. ఆ రోజుల్లో కొత్తగా పెట్టిన కొట్టు వాళ్ల లెక్కలోకి రాలేదు. ఇవాళ మనకు ఆ కొత్త కొట్టు కూడా పాతదే, ఆ మాటకొస్తే దాని గురించి మనకు తెలిసింది ఇంకా తక్కువ.

నూట ఇరవై ఏళ్ల తరవాత కూడా అలవాటు పెద్దగా మారలేదు. ఇంగ్లండ్‌లో వుల్‌వర్త్స్ అనే దుకాణాల సంస్థ ఉండేది. పళ్లెం, పెన్సిలు, పిల్లల బట్టలు, మిఠాయి, అన్నీ ఒకేచోట దొరికేవి. దాదాపు ప్రతి ఊరి బజారులోనూ ఒక వుల్‌వర్త్స్ ఉండేది. 2009 జనవరి మొదటి వారంలో చివరి దుకాణాలు మూతపడ్డాయి. అంతకు ముందు దేశమంతటా 800కు పైగా ఉండేవి. ఎప్పుడూ ఉండేదాన్ని ఎవరు ఫోటో తీస్తారు? మూసేస్తున్నారంటే అప్పుడు కెమెరాలు అటు తిరుగుతాయి. కానీ అప్పుడు తీసిన ఫోటోలో కనిపించేవి తగ్గింపు ధరల బోర్డులు, ఖాళీ అరలు. బడి వదిలాక పిల్లలు మిఠాయిల అర ముందు నిలబడే ఆ మామూలు సాయంత్రం అందులో ఉండదు. అందుకే మళ్లీ చెబుతున్నాను. బాగా నడుస్తున్న కొట్టునే తీయండి. పక్క కొట్టుతో సహా తీయండి.

పక్క కొట్టు ఎందుకు అంటారా? ఒక ఫోటోను దగ్గరగా చూద్దాం. ఊహించుకోండి. ఇంగ్లండ్‌లో ఏదో ఊరు. ఒక కూరగాయల కొట్టు. తేదీ రాయలేదు, ఊరి పేరు రాయలేదు. అద్దం వెనక యాపిల్ పళ్ల మీద ధర చీటీ గుచ్చి ఉంది. చీటీ మీద రెండు అంకెలు, మధ్యలో వాలుగా ఒక గీత. అంటే షిల్లింగులు, పెన్నీలు. ఇంగ్లండ్‌లో షిల్లింగుల లెక్క పోయి, పౌనుకు 100 పెన్నీల లెక్క వచ్చింది 1971 ఫిబ్రవరి 15న. కాబట్టి ఈ ఫోటో దాదాపుగా ఆ తేదీకి ముందుది. పక్క కొట్టు ముందు ఒక కారు ఆగి ఉంది. దాని నంబరు ప్లేటు చివర సి అనే ఇంగ్లీషు అక్షరం. అక్కడ 1963 నుంచి ప్లేటు చివర ఏడాదిని సూచించే అక్షరం వేయడం మొదలైంది. సి అంటే 1965లో రిజిస్టరైన కారు. కాబట్టి ఈ ఫోటో 1965కు ముందుది అయ్యే వీల్లేదు. చూశారా? యాపిల్ పళ్ల చీటీ ఒక హద్దు గీసింది. పక్క కొట్టు ముందు కారు ఇంకో హద్దు గీసింది. తేదీ లేని ఫోటో ఆరేడేళ్ల లోపలికి వచ్చేసింది. కొట్టు ఒక్కటే కనిపించేలా దగ్గరికి వెళ్లి తీసి ఉంటే కారు పడేది కాదు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. వీధి చివర ఎర్ర పోస్టు డబ్బా మీద రాణి పేరో, రాజు పేరో పొడి అక్షరాల్లో పోతపోసి ఉంటుంది. ఆ డబ్బా ఎవరి పాలనలో తయారైందో దాన్ని బట్టి తెలుస్తుంది. దుకాణం పై అంతస్తు మరీ ముఖ్యం. ఇంగ్లండ్ బజారు వీధుల్లో కింది అంతస్తు అద్దం, బోర్డు పదేళ్లకో పదిహేనేళ్లకో మారిపోతుంటాయి. పైన ఇటుక గోడ, కిటికీలు, పొగగొట్టం మాత్రం అలాగే ఉంటాయి. రేపు ఎవరైనా ఈ చోటును వెతుక్కుంటూ వస్తే, పోల్చుకునేది పై అంతస్తును బట్టే. కాబట్టి కప్పు దాకా ఫోటోలో పడాలి.

ఈ పనిని చక్కగా చేసి చూపించిన మనిషి పీటర్ మిచెల్. 1970లలో లీడ్స్ నగరంలో లారీ డ్రైవరుగా పనిచేశాడు. సరుకులు చేరవేస్తూ తిరిగే ఆ వీధుల్లోనే చిన్న చిన్న కొట్లను, కార్ఖానాలను, వాటి ముందు నిలబడ్డ యజమానులను రంగుల్లో ఫోటో తీశాడు. నిచ్చెన బల్ల వేసుకుని, ఎదురుగా నిలబడి, కెమెరాను నిటారుగా పెట్టి తీశాడు. మనిషి ఫోటోలో చిన్నగా ఉంటాడు. కొట్టు మొత్తం ఉంటుంది. కొట్టు చుట్టూ ఏముందో కూడా ఉంటుంది. చాలా చోట్ల చుట్టుపక్కల ఇళ్లు అప్పటికే పడగొట్టేశారు. కొట్టు ఒంటరిగా మిగిలింది. ఆ ఒంటరితనం తెలియాలంటే కెమెరా వెనక్కి జరగాల్సిందే. 1979లో యార్క్‌లోని ఇంప్రెషన్స్ గ్యాలరీలో ఆ ఫోటోలు ప్రదర్శనకు పెట్టారు. నాకు ఆ ఫోటోలంత విలువైనవిగా కనిపించేవి వాటి కింద రాసిన మాటలు. ఒక పేపర్ల దుకాణం ఫోటో ఉంది. దాని కింద యజమానులైన దంపతుల పేరు ఉంటుంది. ఆ తరవాత బుధవారం, 1974 ఆగస్టు 14, ఉదయం 11 గంటలు, సీక్రాఫ్ట్ గ్రీన్, లీడ్స్ అని ఉంటుంది. వారం, తేదీ, గంట, వీధి, ఊరు. ఒక్క వాక్యమంత రాత. ఆ రాతతో ఆ ఫోటో సాక్ష్యమైపోయింది. ఇందాక మనం యాపిల్ చీటీ, కారు ప్లేటు పట్టుకుని ఎంత తంటాలు పడ్డామో, ఆ శ్రమంతా ఒక్క వాక్యంతో తప్పుతుంది.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేస్తారు. ఇవాళ అందరి చేతిలోనూ ఫోన్ ఉంది, కోట్ల ఫోటోలు తీస్తున్నారు, ఇంకా మేం తీసేదేముంది అని. పైగా గూగుల్ వాళ్ల కారు 2009 నుంచి ఇంగ్లండ్ వీధులను చూపిస్తూనే ఉంది కదా అంటారు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది. ఫోన్లలో ఉన్న కోట్ల ఫోటోల్లో ఎక్కువ భాగం ముఖాలు, భోజనం పళ్లేలు, పుట్టినరోజు కేకులు. వీధి కనిపించినా ముఖం వెనక మసగ్గా ఉంటుంది. ఇప్పటి ఫోన్లు వెనకదాన్ని కావాలని మసగ్గా చేసి ఇస్తున్నాయి కూడా. ఇక గూగుల్ కారు చేసిన పని గొప్పదే. దాన్ని తక్కువ చేయను. కానీ ఆ కెమెరా నడిరోడ్డు మీద, కారు పైన ఉంటుంది. కొట్టు లోపలికి చూడదు. మనుషుల ముఖాలు మసగ్గా మార్చేస్తుంది. ఒక చెప్పుల షాపు నడిపే ఆయన తండ్రి కూడా అక్కడే కూచుని పనిచేశాడన్న సంగతి దానికి తెలియదు. ఆ వీధిలో రోజూ నడిచేవాళ్లకు తెలుస్తుంది. తెలిసినవాళ్లు తీసి, తెలిసింది రాసిన ఫోటోలు ఇప్పటికీ తక్కువే.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ముక్కూ మొహం తెలియని మనుషుల్ని అడక్కుండా ఫోటో తీయొచ్చా? ఇంగ్లండ్ చట్టం ప్రకారం మామూలుగా తీయొచ్చు. బయట రోడ్డు మీద నిలబడి ఫోటో తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కట్టడాలను ఫోటో తీస్తే కాపీరైటు తగాదా రాదని 1988 నాటి కాపీరైట్ చట్టమే చెబుతోంది. షాపింగ్ మాల్ లాంటి ప్రైవేటు స్థలంలో మాత్రం అక్కడి యాజమాన్యం వద్దనొచ్చు. 2000 సంవత్సరపు ఉగ్రవాద చట్టం కింద పోలీసులకు అనుమానం లేకపోయినా ఆపి సోదా చేసే అధికారం ఉండేది. ఫోటోగ్రాఫర్లను కూడా దాని కిందే ఆపేవారు. యూరప్ మానవ హక్కుల కోర్టు 2010లో ఆ అధికారాన్ని తప్పుపట్టింది. తరవాత ఆ అధికారమిచ్చిన సెక్షన్‌ను తీసేశారు. చట్టం సంగతి ఇది. మర్యాద సంగతి వేరు. 1937లో మాస్ అబ్జర్వేషన్ అనే బృందం బోల్టన్ పట్నంలో మిల్లు కార్మికుల జీవితాన్ని నమోదు చేసే పని మొదలుపెట్టింది. హంఫ్రీ స్పెండర్ వాళ్ల ఫోటోగ్రాఫరు. చిన్న లైకా కెమెరాను కోటు మాటున దాచుకుని పబ్బుల్లో, వీధుల్లో ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలు ఇవాళ బోల్టన్‌కు పెద్ద ఆస్తి. అవి లేకపోతే ఆ వీధుల గురించి మనకు తెలిసింది చాలా తగ్గిపోయేది. అయినా దాచి తీయడం ఆయనకే ఇబ్బందిగా ఉండేది. కలిగిన కుటుంబం నుంచి వచ్చి పేదవాళ్ల బతుకులోకి తొంగిచూస్తున్నానన్న బాధ ఆయనకు ఉండేది. ఇటు స్పెండర్, అటు మిచెల్. ఒకరు దాచి తీశారు, ఒకరు అడిగి తీశారు. నేను మిచెల్ వైపే నిలబడతాను. అడిగితే సహజత్వం పోతుందంటారు. పోతే కొంత పోనివ్వండి. దాని బదులు పేరు దొరుకుతుంది, కథ దొరుకుతుంది. ఫోటోలో చిన్నగా పడే దారిన పోయేవాళ్లను ఆపి అడగడం కుదరదు. అక్కర్లేదు కూడా. కానీ ఒక మనిషి ముఖమే మీ ఫోటో అయినప్పుడు, ఆ మనిషిని అడగాలి. పిల్లలైతే తల్లిదండ్రుల్ని అడగాలి. వద్దంటే కెమెరా దించేయాలి.

మూడోది ఫోటో కళ తెలిసినవాళ్ల మాట. వెనక్కి జరిగి అన్నీ పడేలా తీస్తే ఫోటో చప్పగా ఉంటుంది అంటారు. అలా ఉండాల్సిన పనిలేదు. రోజర్ మేన్ అనే ఫోటోగ్రాఫరు 1956 నుంచి 1961 దాకా లండన్ నార్త్ కెన్సింగ్టన్‌లో సౌతమ్ స్ట్రీట్ అనే ఒక్క వీధికే మళ్లీ మళ్లీ వెళ్లాడు. రోడ్డు మీద ఆడుకునే పిల్లలు, మెట్ల మీద కబుర్లాడే జనం. ఆ ఫోటోల్లో ఎంతో వేగం, ఎంతో ప్రాణం ఉన్నాయి. పిల్లల వెనక పెచ్చులూడిన గోడలు, విరిగిన రెయిలింగులు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఆ వీధిలో చాలా భాగం తరవాత కూల్చేశారు. 1972లో పూర్తయిన ట్రెల్లిక్ టవర్ అనే 31 అంతస్తుల భవనం ఇప్పుడు ఆ చోట నిలబడి ఉంది. మేన్ ఫోటోలు కళగానూ నిలిచాయి, సాక్ష్యంగానూ నిలిచాయి.

ఇక తీసే పద్ధతి. ఎదుటి పేవ్‌మెంటు మీద నిలబడండి. కెమెరాను గానీ ఫోన్‌ను గానీ నిటారుగా పట్టుకోండి. పైకి ఎత్తితే గోడలు వెనక్కి వాలినట్టు పడతాయి. పై అంతస్తు పడకపోతే ఇంకాస్త వెనక్కి జరగండి, ఎత్తకండి. ఇంగ్లండ్‌లో మబ్బు రోజులు ఎక్కువ. చాలామంది ఎండ కోసం ఎదురుచూస్తారు. దుకాణాలకు మబ్బే మేలు. ఎండలో కొట్టు ముందరి ఎండ తెర కింద నల్లటి నీడ పడి బోర్డు సగం కనపడదు. మబ్బు వెలుగు అంతటా సమంగా పరుచుకుంటుంది. అద్దంలో ఎదుటి ఇళ్లు ప్రతిబింబించడం ఒక్కటే చిక్కు. దానికి చలికాలం సాయంత్రం మందు. డిసెంబరులో లండన్‌లో నాలుగు గంటలు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. దుకాణాలు ఇంకా తెరిచే ఉంటాయి. లోపల దీపాలు వెలుగుతాయి, బయట ఆకాశంలో ఇంకా కాస్త వెలుగుంటుంది. ఆ పావుగంటలో అద్దం అడ్డం తొలగినట్టే ఉంటుంది. లోపలి అరలు, బయటి ఇటుకలు, రెండూ ఒకే ఫోటోలో పడతాయి. జూన్‌లో ఈ వీలు ఉండదు. రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు కుంకదు, అప్పటికి కొట్లు కట్టేసి ఉంటాయి.

ఈ మాటలు వింటున్నవాళ్లలో, ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లలున్నవాళ్లు చాలామంది ఉంటారు. తూర్పు లండన్‌లో ఈస్ట్ హామ్ అనే చోట హై స్ట్రీట్ నార్త్ అని ఒక బజారు వీధి ఉంది. ఇడ్లీ, దోసె దొరికే హోటళ్లు, చీరల కొట్లు, నగల కొట్లు, మునక్కాడలు, కాకరకాయలు అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి. మనవాళ్లు ఎందరో ఆ వీధిలో సరుకులు కొనుక్కుంటారు. ఎంతో మంది ఆ హోటళ్లలో భోజనం ఫోటో తీసి ఇంటికి పంపుతారు. ఈసారి మీ అబ్బాయికో, అమ్మాయికో ఫోన్ చేసినప్పుడు ఒక మాట చెప్పండి. ఆ హోటలు నుంచి బయటికి వచ్చి, రోడ్డు దాటి, అవతలి పక్క నిలబడి ఒక ఫోటో తీయమనండి. హోటలు బోర్డు, పక్క కొట్టు బోర్డు, పైన పాత ఇటుక గోడ, కింద నడుస్తున్న జనం, అన్నీ పడాలి. తరవాత లోపలికి వెళ్లి యజమానిని రెండే ప్రశ్నలు అడగమనండి. ఈ కొట్టు ఎప్పుడు పెట్టారు? మీకు ముందు ఇక్కడ ఏం ఉండేది? ఆ జవాబులు, తేదీ, కొట్టు నంబరు, వీధి పేరు ఒక కాగితం మీద రాసి ఫోటోతో పాటు ఉంచమనండి. ఫోన్‌లోనే వదిలేయకుండా అచ్చు కూడా వేయించమనండి. ఇంగ్లండ్‌లో చాలా కౌన్సిళ్లకు స్థానిక చరిత్ర గ్రంథాలయాలు ఉంటాయి. ఊరి పాత ఫోటోలు అక్కడ దాస్తారు. ఒక ప్రతి తీసుకుంటారేమో అక్కడ అడగమనండి. ఏడాది తరవాత అదే పేవ్‌మెంటు మీద, అదే చోట నిలబడి ఇంకొకటి తీయమనండి.